సాన పట్టేవాడి లెక్క

సవేలీ కొర్యాగిన్ గురించే కదా అడుగుతున్నారు?
గోల్స్ లెక్క పై అంతస్తులో, ఆఫీసువాళ్ళ దగ్గరుంటుంది.
నా దగ్గరున్నది
ఉక్కు లెక్క.

పదిహేడేళ్ళప్పుడు వచ్చాడు మా సెరోవ్‌కి.
నవంబరు. బయట మైనస్ ముప్ఫై ఒకటి.
చెవులు ఎర్రగా కంది, నోట్లో మాట గడ్డకట్టుకుపోయి,
స్కేట్లు నా బల్ల మీద పెట్టి
"కుడికాలి లోపలి అంచు
వెంట్రుకంత ఎత్తుగా ఉంచండి, లుక్యాన్ ఇగ్నాతిచ్" అన్నాడు.
ఎందుకని అడగలేదు.
ఆ సాయంత్రం రింకు పక్కన నిలబడి చూశాను.
ఎడమకి తిరిగేటప్పుడు
వాడు కొడవలిలా వంగుతాడు,
మంచే చేను.

వాళ్ళమ్మ జినైదా ఉక్కు కర్మాగారంలో క్రేను నడిపేది.
మనుషుల్ని నడినెత్తి మీంచి చూసి అలవాటైపోయిన మనిషి,
మ్యాచికొస్తే చిట్టచివరి వరసలో, కప్పు కిందే కూర్చునేది.
కొడుకు గోడకి కొట్టుకుని పడితే
కేక వెయ్యదు, లేవదు.
ఒళ్ళో చేతితొడుగుల్లో వేళ్ళు మాత్రం
మీటలు తిప్పుతున్నట్టు కదిలేవి.
కొక్కెం దించి
వాణ్ణి మెల్లిగా పైకి లాగుతున్నట్టు.

ఇరవై రెండో ఏట పెద్ద లీగు పిలిచింది.
పంతొమ్మిది మ్యాచులు.
ఒక్క గోలు.
అదీ ఎవరో కొట్టిన పక్ వీడి మోకాలికి తగిలి
లోపలికి దూరింది.
టీవీలో మూడుసార్లు చూపించారు నెమ్మదిగా.
మూడోసారి కూడా వాడి మొహంలో
అదే ఆశ్చర్యం.

మంచు కరిగే వేళకి తిరిగొచ్చాడు.
బ్లేడు తిప్పి చూశాను.
అక్కడి సానవాడెవడో రెండు అంచులూ సమం చేసేశాడు.
"చెప్పలేదా?"
"అంత పెద్దచోట ఎలా చెప్పను?"
అని నవ్వాడు.
ముందు పళ్ళు రెండూ లేవు అప్పటికే.

ఆ తర్వాతవన్నీ బస్సులు.
కుర్గాన్, ఓర్స్క్, మళ్ళీ కుర్గాన్.
మూడో వరస ఫార్వర్డు,
పక్ కోసం మూలల్లో భుజాలు అరగదీసుకునే ఉద్యోగం.
ఓ రాత్రి అడవి మధ్యలో ఇంజను చచ్చిపోతే
గోలీ పాత కర్రలు విరిచి మంట వేశాం.
అందరూ చేతులు చాపి కూర్చున్నారు,
వీడు మాత్రం స్కేట్లని కోటు లోపల గుండెకి హత్తుకుని.
"చలికి ఉక్కు పెళుసవుతుంది" అంటాడు.
మంచు మీద బతికే ఉక్కుకి చలేంట్రా అన్నాను.
వినలేదు.

సాన పట్టిన ప్రతిసారీ ఉక్కు కాస్త పోతుంది.
వాడి పదిహేను సీజన్లలో
ఇరవై తొమ్మిది జతల బ్లేడ్లు అరగదీశాను నేను.
పొడి ఊడ్చి డబ్బాలో పోస్తాను,
అందరిదీ కలిపే.
అందులో వాడిదేదో
నాకూ తెలీదు.

చివరి మ్యాచి ఇదీ అని ఎవరూ చెప్పరు.
మార్చిలో ఓ పొద్దున గోడ మీది జాబితాలో
పేరుండదు, అంతే.
అయినా వచ్చాడు. స్కేట్లు బల్ల మీద పెట్టాడు.
నేనూ ఏమీ తెలియనట్టే సాన తిప్పాను.
నిప్పురవ్వలు. నీళ్ళ గుడ్డ. నూనె చుక్క.
బ్లేడు మీద రూబుల్ బిళ్ళ అడ్డంగా పెట్టి చూపించాను.
ఎప్పట్లాగే వెంట్రుకంత బయటికి ఒరిగింది.
సరిగ్గా ఉందన్నాడు.
తీసుకెళ్ళి ఎక్కడ వేసుకున్నాడో అడగలేదు.

మొన్న డిసెంబరులో మళ్ళీ తలుపు తట్టాడు.
చేతిలో ఒక జత, తెల్లవి, పిడికిలంత.
కూతురివట, ఆరేళ్ళ గ్లాషావి.
డాన్సు స్కేట్లు, కొసన రంపప్పళ్ళు ఉంటాయి చూడండి, అవి.
"ఈ ముందు పళ్ళు గీసెయ్యనా?" అన్నాను.
"వద్దు, ఇంట్లో ఒకరికైనా ఉండనీండి."

సాన పట్టి, బిళ్ళ పెట్టాను.
ఎటూ ఒరగలేదు.
వాడు వంగి దానికేసి చాలాసేపు చూశాడు.
"ఇలాగే ఉంచండి" అన్నాడు,
"ఎటు తిరుగుతుందో
ఇంకా తెలీదు."